నెల సరుకుల చీటీని మనమే ముందుగా పంపడం

మా కిరాణా కొట్టుకు ఒకటో తేదీ నుంచి ఐదో తేదీ వరకు చీటీలన్నీ సాయంత్రం ఆరింటికే వచ్చి పడేవి. పొట్లాలు కట్టేలోపే కొందరు విసిగి, ఫోనులో వేరేచోట ఆర్డరు పెట్టేసుకునేవారు. ఇప్పుడు ప్రతి ఇంటి చీటీనీ ఫొటో తీసి, వాట్సాప్‌లో ఆ ఇంటివారికే పంపి ఉంచుతున్నాను. నెలాఖరున, అంటే 27వ తేదీన, అదే ఫొటోను మళ్లీ పంపి, “పోయిన నెల సరుకులు ఇవి, మార్పులుంటే చెప్పగలరు” అని ఒక్క వాక్యం జతచేస్తాను. జవాబు రాగానే, బేరాలు పలచగా ఉండే మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య కందిపప్పు కిలో, మినపగుళ్లు అరకిలో, చింతపండు పావుకిలో, ఇలా చీటీలో ఉన్నంత తూచి, సంచి మీద ఇంటి నంబరు రాసి పక్కన పెడుతున్నాను. ఎండుమిరపకాయలను మాత్రం అన్నిటికంటే చివర, గుమ్మం దగ్గర కూర్చుని తూచుకోవడం మేలు. లోపల తూస్తే కొట్టంతా తుమ్ములే.

జవాబు రాకముందే సంచి కట్టకూడదు. పండుగ నెలల్లో పాత చీటీ బొత్తిగా పనికిరాదు. సంక్రాంతికి అరిసెలు వండేవారికి బెల్లం, నువ్వులు ఎక్కువ కావాలి, ఊరికి వెళ్లేవారికి పప్పుకూడా అక్కరలేదు. నేను తొందరపడి కట్టిన మూడు సంచులను తిరిగి విప్పి, డబ్బాల్లో పోసుకోవలసి వచ్చింది.