ఆరు పిన్నుల దగ్గర ఆగిపోయిన పని

మా అబ్బాయి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ నేర్చుకుంటున్నాడు. ఇంట్లో ఉన్నది ఆఫీసులో వాడి అమ్మేసిన పాత డెస్క్‌టాప్. చిన్న సీను రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ దాన్ని పూర్తి బొమ్మలుగా తయారు చేయడానికి కూడా రాత్రంతా పట్టేది. వాడి కోసం ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు కొన్నాను.

ఆ కార్డు 170 వాట్ల దాకా లాగుతుంది. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది 75 వాట్లే. మిగతాది పవర్ సప్లై నుంచి విడిగా కేబుల్‌లో రావాలి. పాత సప్లై స్టిక్కర్ మీద 240 వాట్లని ఉంది, పైగా ఆ కేబులే లేదు. అందుకే 550 వాట్ల సప్లై కూడా తెచ్చాను.

అసలు చిక్కు మూత తీశాక తెలిసింది. కొత్త సప్లైకి 24 పిన్నుల ప్లగ్గు, నా బోర్డు మీద 6 పిన్నుల సాకెట్టు! ఇలాంటప్పుడు ఏదో ఒక 6 పిన్నుల ప్లగ్గు దొరికింది కదా అని గుచ్చకండి, వైరింగ్ వేరైతే బోర్డు కాలిపోతుంది. బోర్డు మోడల్ నంబరు రాసుకుని, దానికి సరిపోయే అడాప్టర్ కేబుల్ తెప్పించాను. నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది.

కార్డును స్లాట్‌లో నొక్కితే చివరి క్లిప్పు టక్కున పడింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మాత్రం నల్లగా! టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. తీరా చూస్తే మానిటర్ కేబుల్ ఇంకా పాత బోర్డు పోర్టులోనే ఉంది. కార్డుకు మార్చగానే బొమ్మ వచ్చింది.

కార్డు నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేశాక అదే సీను పదకొండు నిమిషాల్లో పూర్తయింది. అంతసేపూ వాడు కుర్చీలోంచి కదల్లేదు.