ఊరెళ్లేటప్పుడు పెరటి కోళ్లకు మేత, నీళ్లు

పండక్కో పెళ్లికో ఊరెళ్తూ పెరటి కోళ్లను పక్కింటివారికి అప్పగిస్తే, మేత ఒకరోజు ఎక్కువై మరొకరోజు తక్కువవుతుంది, నీళ్ల గిన్నె మధ్యాహ్నానికే ఒలికిపోతుంది. అందుకని పెద్ద కోడికి రోజుకు సుమారు 120 గ్రాముల చొప్పున, అంటే పది కోళ్లకు 1.2 కిలోల దాణాను ఒక్కో రోజుకు ఒక్కో సంచిలో కట్టి, ఎలుకలు చేరని డబ్బాలో ఉంచితే, వచ్చినవారికి కొలిచే పని ఉండదు.

నీళ్ల కోసం, గట్టి మూత ఉన్న 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌కు పైఅంచు నుంచి ఒక అంగుళం కింద చిన్న రంధ్రం చేసి, అక్కడివరకు నీళ్లు నింపి, మూత బిగించి, రెండంగుళాలకు తగ్గని లోతున్న వెడల్పాటి పళ్లెంలో బోర్లించాలి. కోళ్లు తాగినకొద్దీ పళ్లెంలోకి నీళ్లు దిగుతుంటాయి. పళ్లెం అంచు రంధ్రం కన్నా ఎత్తుగా లేకపోతే నీళ్లన్నీ నేలపాలవుతాయి కనుక, ప్రయాణానికి ముందే ఒక రాత్రి ఉంచి చూడడం మంచిది. ఎండాకాలంలో కోళ్లు రెట్టింపు తాగుతాయి. బకెట్‌ను తప్పక నీడలో పెట్టాలి.

అయితే సాయంత్రం గూడు తలుపు వేసే మనిషి లేకపోతే ఈ ఏర్పాటు పనికిరాదు, ఎందుకంటే చీకటిపడ్డాక పిల్లులు, కుక్కలు వస్తాయి. ఆ పనికి ఒప్పుకున్నవారికి, ఆ రోజుల్లో పెట్టిన గుడ్లన్నీ తీసుకోమని ముందే చెప్పాలి.