టీచర్ ఉద్యోగం మనకు గిట్టుబాటవుతుందా? లెక్క చూసుకోవడం ఎలా?

బీఈడీ ఫీజు కట్టేముందే ఒక కాగితం తీసుకోండి. నేను కట్టాక తీసుకున్నాను.

1. ముందు సర్కారు లెక్క రాయండి. ప్రైమరీ తరగతులు చెప్పే ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) బేసిక్ తెలంగాణలో 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం 31,040తో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ ప్రకారం 32,670తో మొదలవుతుంది. హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కైతే అదే వరుసలో 42,300, 44,570. పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం) కింద బేసిక్, డీఏ కలిపి అందులో 10 శాతం కటింగ్.

2. ఇప్పుడు ఎదురుచూపు ఖర్చు తీసేయండి. చాలామంది వదిలేసేది ఇదే. తెలంగాణలో 2017 టీఆర్‌టీ (టీచర్ నియామక పరీక్ష) తర్వాత మళ్లీ 11,062 పోస్టులతో డీఎస్సీ (సర్కారు టీచర్ పోస్టుల భర్తీ) పడింది 2024లో. ఆంధ్రలో 2018 తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో. డీఎస్సీ కోచింగ్‌లకు పేరున్న అవనిగడ్డలో గది తీసుకుని చదివితే కోచింగ్ ఫీజు, అద్దె, మెస్ బిల్లు, పైగా ఆ నెలల్లో రాని జీతం. ఎన్నేళ్లు ఆగగలరో ఇంట్లోవాళ్లతో కూర్చుని ఒక అంకె అనుకోండి.

3. ఈలోగా ప్రైవేటు స్కూలైతే నెల జీతం ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఏడాదికి ఎన్ని నెలలిస్తారు? పీఎఫ్ కడతారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటారా? అడ్మిషన్ల టార్గెట్ ఉందా? నేను మొదట చేరిన చోట మే నెలకు జీతం లేదు. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించమన్నది మాత్రం ఆ మే నెలలోనే! ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ టీచర్లకూ వర్తిస్తుంది, మర్చిపోకండి.

4. తృప్తి సంగతి కాగితం మీద తేలదు. తెలిసిన హెడ్మాస్టర్‌ని అడిగి వారం రోజులు క్లాసులో నిలబడండి, అదీ మధ్యాహ్నం భోజనాల తర్వాతి పీరియడ్లలో. భాగహారంలో శేషమంటే పంచగా మిగిలిందేనని తెలిశాక ఒకడు “ఇంతేనా సార్!” అంటాడు. ఆ మాట కోసం అదే లెక్క నాలుగోసారి విసుక్కోకుండా చెప్పగలిగారా? అది చూసుకోండి. సాయంత్రానికి గొంతు ఎలా ఉందో కూడా. భోజనాల లెక్క యాప్‌లో ఎక్కించడం, ఎన్నికల డ్యూటీ వేరే.

5. మొదటి పోస్టింగ్ ఏజెన్సీ ఊళ్లో పడొచ్చు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలుంటే బదిలీల మాట ముందే అనుకోండి.

ఇంకా తేల్చుకోలేకపోతున్నా, అర్హత ఉంటే టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మాత్రం రాసేయండి. డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది, పాసైతే జీవితాంతం చెల్లుతుంది.