ట్రాక్టరు జనరేటర్ మొరాయిస్తే ముందు హెర్ట్జ్ చూడండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటే కరెంటు స్తంభాలూ నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ట్రాక్టరుకు ఆల్టర్నేటర్ (తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం) తగిలించుకున్నవాళ్ల గుమ్మం ముందు ఒక పక్క బిందెల వరస, ఇంకో పక్క చార్జింగుకు పెట్టిన ఫోన్ల వరస. మా గుమ్మం ముందూ అంతే. ఆ వారం పడిన తిప్పలూ, తర్వాత చుట్టుపక్కల బళ్లు చూసిపెట్టినప్పుడు తెలిసినవీ కలిపి రాస్తున్నాను. నేను చూసిన తంటాల్లో ఎక్కువ భాగం ఆల్టర్నేటర్‌వి కావు. స్పీడుదో, బెల్టుదో, న్యూట్రల్ (కరెంటు తిరిగొచ్చే) వైరుదో.

అందుకే ముందు హెర్ట్జ్ చూపించే మల్టీమీటరు ఒకటి కొనుక్కోండి. కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్కే హెర్ట్జ్; మన ఇళ్ల కరెంటుది 50. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) ఆల్టర్నేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్ వస్తుంది. పీటీఓ (యంత్రాలు తిప్పడానికి ట్రాక్టరు వెనక ఉండే షాఫ్ట్) తిరిగేది 540 చుట్లే కాబట్టి మధ్యలో గేర్‌బాక్సో పుల్లీలో ఆ వేగాన్ని సుమారు 2.78 రెట్లు పెంచుతాయి. అంటే పీటీఓ దగ్గర 11 చుట్లు తగ్గితే ఇటు ఒక హెర్ట్జ్ పడిపోయినట్టే. ఏవీఆర్ (వోల్టేజీని తానే సర్దే పెట్టె) ఉన్న ఆల్టర్నేటర్లో స్పీడు కొంత తగ్గినా వోల్టేజీ మాత్రం 230 దగ్గరే నిలబడుతుంది. వోల్టు మీటరు చూసి మనం నిశ్చింతగా ఉంటాం, అక్కడ ఫ్రిజ్ మోటారు కాలుతూ ఉంటుంది.

బండి నడుస్తోంది, మీటరు ముల్లు లేవడం లేదు

ముందు తేలికైనవి చూడండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే పడే స్విచ్) పడి ఉందా? బెల్టు జారుతోందా? రెండు మూడు స్పీడ్ల పీటీఓ ఉన్న బండి అయితే లివరు 540 మీదే ఉందా? ఇంజను ఎన్ని ఆర్‌పీఎం దగ్గర పీటీఓ 540 తిరుగుతుందో చాలా బళ్ల మీటరులో గుర్తు ఉంటుంది. ఆ గుర్తు దాకా రేజ్ ఇవ్వకపోతే వోల్టేజీ అసలు పుట్టకపోవచ్చు.

అవన్నీ బాగానే ఉంటే బండి ఆపి కార్బన్ బ్రష్షులు చూడండి. అరిగి పొట్టివైపోయినా, స్ప్రింగు పట్టేసినా రింగులకు ఆనవు. రింగుల మీద నల్లటి మసి ఉంటే సన్నటి గరుకు కాగితంతో తుడవండి. బ్రష్షులు లేని రకమైతే ఈ పని లేదు.

ఏడాది పాటు కొట్టంలో పడి ఉన్న ఆల్టర్నేటర్ అయితే ఇనుములో మిగలాల్సిన కాస్త అయస్కాంత శక్తీ పోయి ఉంటుంది. దానికి మందు ట్రాక్టరు బ్యాటరీయే. బండి ఆపి, ఏవీఆర్ నుంచి ఫీల్డ్ కాయిల్‌కు వెళ్లే ఎఫ్ ప్లస్, ఎఫ్ మైనస్ వైర్లు రెండూ ఊడదీయండి. ఏవీఆర్‌కు తగిలించి ఉండగా బ్యాటరీ ఇస్తే ఏవీఆరే పోతుంది. ఆ రెండు వైర్లకు 12 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ రెండు మూడు సెకన్లు ఆనించి తీసేయండి. మళ్లీ బిగించి బండి నడపండి. అప్పటికీ లేవకపోతే ఏవీఆరో డయోడ్లో పోయి ఉంటాయి, వైండింగ్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

తుపానులో తడిసిన ఆల్టర్నేటర్‌ను మాత్రం ఏ కారణానా వెంటనే తిప్పకండి. ఎండలో పెట్టండి. ఎండ లేకపోతే పైన పరదా కప్పి, లోపల 100 వాట్ల పాతకాలం బల్బు ఒక రాత్రంతా వెలిగించండి (దానికి కరెంటు ఎక్కడిదంటే, ఇన్వర్టరున్న పొరుగువాళ్లే గతి). ఆ తర్వాత మెగ్గర్‌తో (వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూపించి గాని లోడు పెట్టకండి.

మోటారు వేయగానే లైట్లు గుడ్డివైపోతున్నాయి

ఆ క్షణంలో హెర్ట్జ్ ఎంతకు పడిందో చూడండి. హెర్ట్జ్ పెద్దగా కదలకుండా వోల్టేజీ ఒక్కటే పడితే తప్పు వైరుది, లేదా ఆల్టర్నేటర్ సైజుది. హెర్ట్జ్ కూడా పడితే తప్పు బండిది, లేదా బెల్టుది. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం వెతుకులాట తగ్గుతుంది.

బెల్టు జారుతుంటే ఇంజను మోత మారదు, హెర్ట్జ్ మాత్రం పడుతుంది, రబ్బరు వాసన వస్తుంది. ఇంజను మోతే బరువెక్కితే హ్యాండ్ యాక్సిలరేటర్ వెనక్కి జారుతోందేమో, డీజిల్ ఫిల్టరు పూడిందేమో చూడాలి. లోడు లేనప్పుడు 52 దగ్గర పెట్టుకోండి, లోడు పడ్డాక 50 దగ్గరికి దిగుతుంది. లోడు మీద 50కి సర్ది, తర్వాత మోటారు ఆపి మర్చిపోతే వేగం పైకి ఎగబాకుతుంది.

ఇక సైజు సంగతి. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ నడిచేటప్పుడు తీసుకునేది నాలుగు కిలోవాట్ల చిల్లరే అయినా, నేరుగా స్టార్ట్ చేసినప్పుడు మామూలుకు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. దానికి 12.5 నుంచి 15 కేవీఏ ఆల్టర్నేటర్ ఉండాలి. ఇంజను వైపు లెక్క కిలోవాటుకు రెండు హెచ్‌పీ అనుకోండి. 15 కేవీఏ అంటే 12 కిలోవాట్లు, అంటే 24 హెచ్‌పీ. 45 హెచ్‌పీ బండికి అది బరువు కాదు. ముందు పెద్ద మోటారు స్టార్ట్ చేసి, అది కుదుటపడ్డాక ఫ్రిజ్, ఫ్యాన్లు వేయాలి. మా ఇంట్లో ఈ వరస తప్పితే అమ్మ ఇప్పటికీ కేకలేస్తుంది.

వైరు లెక్క కూడా చూడండి. బండి కళ్లంలో, ఇల్లు 50 మీటర్ల దూరంలో. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయితే పోనూ రానూ 100 మీటర్లకు 0.74 ఓమ్‌లు. 20 ఆంపియర్లు లాగితే దారిలోనే 15 వోల్టులు పోతాయి. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు. లావు వైరు వేయండి, లేదా బండినే దగ్గరికి తెచ్చుకోండి. కాకపోతే పొగ గది లోపలికి రాని చోట నిలపాలి. వాన పడుతోందని మూసిన షెడ్డులో నడపకండి, ఆ పొగకు ప్రాణం పోతుంది.

ఒక ఇంట్లో బల్బులు మండిపోతున్నాయి, పక్కింట్లో మినుకుమంటున్నాయి

ఇది చూడగానే బండి ఆపేయండి. మీటరు తర్వాత చూడొచ్చు. న్యూట్రల్ వదులైంది.

త్రీఫేజ్ ఆల్టర్నేటర్ నుంచి రెండు ఇళ్లకు చెరో ఫేజు ఇచ్చారనుకోండి. న్యూట్రల్ తెగితే ఆ రెండిళ్ల లోడూ ఒకదాని వెనక ఒకటిగా 415 వోల్టుల మధ్య ఇరుక్కుంటుంది. ఒక ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, ఇంకో ఇంట్లో 100 వాట్ల బల్బు ఉంటే ఆ బల్బు మీద పడేది సుమారు 377 వోల్టులు. తక్కువ లోడున్న ఇంటికే దెబ్బ. టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఎల్‌ఈడీలు వరసగా పోతాయి. మా వీధిలో ఒక సాయంత్రం అలాగే మూడు టీవీలు పోయాయి. తీరా చూస్తే కారణం ఒక అరిగిన నట్టు.

న్యూట్రల్ వైరు ఫేజు వైరంత లావు ఉండాలి. దానికి ఫ్యూజు పెట్టకూడదు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు పనికిరాదు, లగ్గు వేసి బిగించాలి. బండి వణుకుకు నట్లు వదులవుతాయి కనుక రోజూ నడిపే ముందు స్పానర్ వేసి చూడండి. ఇళ్లకు ఇచ్చేముందు ఇంటి చివర ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 ఉందో లేదో కొలవండి.

సబ్‌మెర్సిబుల్ నడుస్తోంది గాని నీళ్లు సరిగా రావడం లేదు

ఫేజుల వరస తిరగబడింది, మోటారు ఎదురు తిరుగుతోంది. ఏవైనా రెండు ఫేజులు మార్చండి, చాలు. మార్చిన చోట రంగు టేపు చుట్టుకోండి.

ఇన్వర్టరు చార్జింగుకు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కుతోంది

హెర్ట్జ్ ఊగుతోంది. ఇన్వర్టరును, కరెంటు కాస్త తేడాగా ఉన్నా ఒప్పుకోని యూపీఎస్ మోడ్ నుంచి మామూలు మోడ్‌కు మార్చండి. డీజిల్ లైనులో గాలి పట్టినా ఇంజను ఇలాగే ఊగుతుంది, గాలి తీయించండి. బ్యాటరీలు బాగా దిగిపోయి ఉంటే ఎక్కడంతోనే గట్టిగా లాగుతుంది, ఆ సమయంలో మోటారు వేయకండి.

బండి ముట్టుకుంటే జివ్వుమంటోంది

ట్రాక్టరు రబ్బరు టైర్ల మీద ఉంటుంది, భూమితో దానికి సంబంధం లేదు. ఎర్త్ రాడ్ పాతితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పాతిన రాడ్ నిరోధం 50 ఓమ్‌లు ఉంటే 230 వోల్టుల దగ్గర పారేది 4.6 ఆంపియర్లే, దానికి మామూలు ఎంసీబీ పడదు. బాడీ మీద కరెంటు అలాగే ఉండిపోతుంది. ఆల్టర్నేటర్ న్యూట్రల్‌ను బాడీకి కలిపి, బాడీని తడి నేలలో పాతిన రాడ్‌కు కలిపి, ఇళ్లకు వెళ్లే వైరు మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) వేయించండి. వేశాక టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

స్విచ్ వేయగానే బండి మూలిగి ఆగిపోతోంది

ఇంట్లో లోడంతా తీసేసినా ఆగిపోతోందంటే మీ బండి మీ ఇంటికి కాదు, ఊరికంతటికీ కరెంటు ఇవ్వబోతోంది. మెయిను తీయకుండా సాకెట్‌లోకి రెండు వైపులా ప్లగ్గున్న వైరు గుచ్చినచోట ఇదే జరుగుతుంది.

ఇంజను ఆగితే అదృష్టం. ఆగకపోతే ఆ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్తుంది. 11 కేవీని 433 వోల్టులకు దించే అదే పెట్టె, ఇటు నుంచి ఇస్తే అటు 11 కేవీ వైపు పెంచుతుంది. లైన్ క్లియర్ (లైను ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకుని, స్తంభమెక్కి తెగిన తీగ ముడివేస్తున్న మనిషి దాన్ని పట్టుకునే ఉంటాడు. మన కోసం వానలో నిలబడిన మనిషి అతను. 'మెయిను ఆపాంలే' అన్న మాట చాలదు, చీకట్లో ఇంకెవరో వచ్చి వేయొచ్చు. సింగిల్ ఫేజుకు రెండు పోళ్ల, త్రీఫేజుకు నాలుగు పోళ్ల ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి. న్యూట్రల్ కూడా మారాలి. లైను, జనరేటరు రెండూ ఒకేసారి కలిసే వీలే ఆ స్విచ్‌లో ఉండదు.

ఛేంజోవర్ లేకుండా నడుపుతుండగా లైనులో కరెంటు తిరిగొస్తే బండి ఒక్క గుద్దు గుద్దుతుంది. రెండు కరెంట్ల తాళం కలవక షాఫ్ట్ మెలితిరగొచ్చు, వైండింగ్ కాలొచ్చు.

గంట నడిచాక టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్తోంది

నిలబడి పనిచేసే బండికి ఎదురుగాలి తగలదు. నూర్పిడి పొట్టు పట్టిన రేడియేటర్ జాలీని శుభ్రం చేసి, ఫ్యాన్ బెల్టు చూసి, బండి ముక్కును గాలి వచ్చే వైపు తిప్పి పెట్టండి.

ఇవన్నీ చూసేటప్పుడు షాఫ్ట్ మీద గార్డు ఉండాలి. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. లుంగీ కొసో, తువ్వాలో, చీర చెంగో చిక్కితే చెయ్యెత్తి ఆపమనే లోపే అయిపోతుంది. తిరుగుతున్న షాఫ్ట్ మీదుగా దాటకండి, బెల్టు బిగించాలన్నా ఇంజను ఆపి తాళం జేబులో వేసుకోండి. సీజను అయ్యాక నెలకోసారి పది నిమిషాలు, రెండు బల్బుల లోడు పెట్టి తిప్పండి. బ్యాటరీతో ఎఫ్ ప్లస్ వెతుక్కునే పని తప్పుతుంది.