కొనేముందు నిడివి చూడండి

పాత బ్రిటిష్ హారర్ సినిమాల డిస్కులు కూడబెట్టాలనుకుంటే అట్ట మీది బొమ్మ సరే, వెనకవైపు నిమిషాలు కూడా చూడండి. 1957 నాటి 'నైట్ ఆఫ్ ది డీమన్' బ్రిటన్‌లో సుమారు 96 నిమిషాలు. అమెరికా వెళ్ళేసరికి 'కర్స్ ఆఫ్ ది డీమన్' అయింది, పది నిమిషాలకు పైగా కోత పడింది. పేరు మారిందని తెలియకపోతే ఒకే సినిమా రెండుసార్లు కొనేస్తాం.

నన్నడిగితే మొదట తీసుకోవాల్సింది బ్రిటిష్ సినిమా సంస్థ హామర్ వాళ్ళ 1958 'డ్రాక్యులా'. అదీ 2012లో పునరుద్ధరించిన ప్రతి. అప్పట్లో సెన్సార్ తీసేయించిన ముక్కల్ని జపాన్‌లో దొరికిన ప్రింటులోంచి తెచ్చి కలిపారు. చివర్లో డ్రాక్యులాని వేటాడే వాన్ హెల్సింగ్‌గా వేసిన పీటర్ కుషింగ్ బల్ల మీద పరుగెత్తి పరదా లాగేస్తాడు. ఎండ పడగానే డ్రాక్యులాగా వేసిన క్రిస్టఫర్ లీ తన మొహం తానే రక్కుకుంటుంటే చర్మం ఊడొస్తుంది. ఆ కొన్ని క్షణాల కోసమైనా ఈ ప్రతే కొనాలి.

ఇంకొకటి. బ్లూరే డిస్కులకి ప్రాంతాన్ని బట్టి రీజియన్ అనే తాళం ఉంటుంది, వేరే ప్రాంతం ప్లేయర్‌లో ఆడవు. బ్రిటన్ బ్లూరేలు చాలావరకు రీజియన్ బి. ఇండియా సి, అమెరికా ఎ. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే, రీజియన్ లాక్ లేని డిస్కేనా అని అమ్మేవాళ్ళని ముందే అడగండి.