‘దేవుడు చూసుకుంటాడు’ అన్నాక మనం చేయాల్సిన పని

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మా మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎవరింట్లో కిడ్నీ జబ్బు బయటపడినా చర్చి సంఘం వాళ్లు మొదట అనే మాట ‘దేవుడు చూసుకుంటాడమ్మా’. మా ఆయనకి డయాలసిస్ మొదలైనప్పుడు మాకూ అదే అన్నారు. మాట నిజమే. ఆ మాట పట్టుకుని సోమవారం నుంచి శనివారం దాకా ఎలా బతకాలో మాత్రం ఎవరూ చెప్పరు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్తూ, ఇంట్లో రోగిని చూసుకుంటూ, స్త్రీల ప్రార్థన కూడిక నడుపుతున్న నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు ఏడవండి. వెంటనే స్తుతించాలని ఎవరైనా తొందరపెడితే బైబిల్లో 13వ కీర్తన తీసి చూపించండి. ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు’ అని దావీదు దేవుణ్ణే నిలదీశాడు. 88వ కీర్తన అయితే చీకటి మాటతోనే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు కూడా ఉండదు. దాన్ని కూడా ప్రార్థన కిందే బైబిల్లో ఉంచారు కదా.

తర్వాత, ‘ఎందుకు’ అన్న ప్రశ్నని కాస్త పక్కన పెట్టండి. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో నీళ్లు, మట్టి పరీక్షించినవాళ్లే ఇంకా ఖాయంగా తేల్చలేదు. మనింటికొచ్చి ‘ఏ పాపం సేసేరో’ అనేవాళ్లకి ఎలా తెలుస్తుంది? పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగితే, వీడు గాని వీడి కన్నవారు గాని పాపం చేయలేదన్నాడు యేసు. అన్నీ పోగొట్టుకుని పుండ్లతో కూర్చున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు 7 రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. అలాంటి మాట అనేవాళ్లకి టీ ఇవ్వండి, జవాబు ఇవ్వక్కర్లేదు.

వైద్యం ఆపొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ‘ప్రార్థన చేశాం, ఇక సూదులొద్దు’ అనే బోధకులు మా వైపూ తిరుగుతారు. రాజు హిజ్కియా చావు జబ్బులో ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు బాగుచేస్తానన్నాడు. అయినా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. డయాలసిస్ విడతలు తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి ఆయాసపడతాడు. వైద్యం మానేయడం విశ్వాసం కాదు, దేవుడు కాపాడతాడులే, దేవాలయ శిఖరం మీంచి దూకమని యేసుతో అన్న సాతాను మాట వినడం. డయాలసిస్ రోగికి ప్రభుత్వం ఇచ్చే 10,000 రూపాయల నెల పింఛనుకి కాగితాలు పెట్టడం కూడా నమ్మకం తక్కువ పనేం కాదు. యోసేపు చేసిందేమిటి మరి? అన్నలు అమ్మేస్తే ఐగుప్తు చేరినవాడు, రాబోయే కరువు కోసం పండిన 7 ఏళ్లూ అయిదో వంతు ధాన్యం గోదాముల్లో పోయించాడు. ఆ దేశపు రాజు ఫరో దగ్గర సివిల్ సప్లయిస్ ఆఫీసరన్నమాట! అన్నలు చేసిన కీడుని దేవుడు మేలుకి తిప్పింది ఆ గోదాముల దగ్గరే.

రాత్రిపూట వచ్చే దిగులుకి నా పద్ధతి ఒకటుంది. ఒక కాగితం మీద గీత గీసి, రేపు నేను చేయగలిగింది ఒక పక్క, నా చేతిలో లేనిది ఇంకో పక్క రాస్తాను. రక్తపరీక్ష, ఆటో మాట్లాడటం, పెద్దోడి ఫీజు గురించి మేస్టార్ని గడువడగడం ఒక పక్క. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ లెక్క ఎంతొస్తుందో, మా ఆయన ఎన్నాళ్లుంటాడో రెండో పక్క. ఆ రెండో పక్కని పేరుపేరునా చదివి ప్రార్థించి పడుకుంటాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే. దాచుకుంటే పురుగు పట్టింది.

ఇంకో పుస్తకంలో సాయం రాయండి. ఎవరొచ్చారు, ఏం తెచ్చారు అని. దేవుడి ఏర్పాటు ఎక్కువగా మనిషి రూపంలోనే వస్తుంది, అదీ మనం చూడని వైపు నుంచి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసినప్పుడు మాకు చోడిపిండి, అంటే రాగిపిండి, తెచ్చింది మా ఎదురింటి అప్ప. ఆవిడ చెట్లూ పడిపోయాయి. మా సంఘం మనిషి కాదు, అమ్మవారి పండక్కి ముర్రాట కుండ నెత్తినెత్తుకునే మనిషి ఆవిడ. ‘పిల్లలు అంబలైనా తాగుతారు, తీసుకోయే’ అంది. కరువులో ప్రవక్త ఏలీయాకి రొట్టె పెట్టిన సారెపతు విధవరాలూ ఇశ్రాయేలు మనిషి కాదు, ఆవిడ తొట్టిలో ఉన్నదీ పట్టెడు పిండే. ఆ సంగతి నాకు ఆ రోజే బోధపడింది.

బేరం మాత్రం పెట్టకండి. ‘నమ్మితే రెట్టింపు తోట ఇస్తాడు’ అనే ప్రసంగం నాకు నచ్చదు. అంజూరం పూయకపోయినా, ఒలీవ కాయకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న ప్రవక్త హబక్కూకు, తోట మళ్లీ కాస్తుందని ఎక్కడా అనలేదు. మేం కొబ్బరి మొక్కలు మళ్లీ వేశాం. కాపుకి ఏళ్లు పడుతుందని తెలిసే వేశాం.

ప్రార్థించడానికి నోరు రాని రోజులుంటాయి. సంఘానికి దూరంగా ఉండిపోకుండా, వెళ్లి వెనక చాప మీద కూర్చోండి. ‘మీరు పాడండి, నేను వింటాను’ అనండి, చాలు. డయాలసిస్ రోజులు ముందే చెబితే కూడిక రోజు మారుస్తారు. మాకోసం శుక్రవారం కూడికని గురువారానికి జరిపారు, సాయంత్రం ఆరుకి, జీడి పని వాళ్లు కూడా అందుకునేలా.