టీముకి ఫ్రీ టూల్స్ ఎంచుకునేటప్పుడు

బెంగళూరు మారతహళ్లిలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ టీము. కొత్త టూల్ పెడదామని మావాళ్లు ఎవరైనా అడిగితే ఫీచర్ల జోలికి పోను, ముందు లైసెన్సు ఫైలు తెరుస్తాను. ప్రోగ్రాముల్ని విడివిడి డబ్బాల్లో (కంటైనర్లలో) పెట్టి నడిపే డాకర్ డెస్క్‌టాప్ సంగతే చూడండి. కంపెనీలో 250 మంది, ఏడాదికి కోటి డాలర్ల ఆదాయం, ఈ రెండింట్లో ఏది దాటినా డబ్బు కట్టాలి. అక్కడిదాకా పెరిగేలా ఉంటే అదే పని ఉచితంగా చేసే పాడ్‌మన్ ఇప్పుడే అలవాటు చేసుకోండి.

తర్వాత, దాని వెనక ఎవరున్నారో చూడండి. సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫార్మ్ 2023లో, డేటాబేస్ రెడిస్ 2024లో ఓపెన్‌సోర్స్ లైసెన్సు మార్చేసి కట్టుబాట్లు పెట్టాయి. వాటి పాత కోడ్ నుంచే ఓపెన్‌టోఫు, వాల్కీ పుట్టుకొచ్చాయి కాబట్టి సరిపోయింది. (రెడిస్ 2025 నుంచి మళ్లీ ఏజీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్సు కింద కూడా ఇస్తోంది లెండి.) అంతమంది వాడని టూల్‌ని ఎవరు ఆదుకుంటారు? అందుకే కమిట్లన్నీ (కోడ్‌లో చేసిన మార్పులు) ఒకే కంపెనీవా, బయటివాళ్లవీ ఉన్నాయా అని రిపోలో, అంటే కోడ్ ఉంచే చోట, చూడాలి.

సొంత సర్వర్ మీద నడిపేదైతే బ్యాకప్పులు, అప్‌డేట్లు ఎవరు చూస్తారో పేరు రాయండి. ఎవరూ ముందుకు రాకపోతే ఆ టూల్ వద్దు.

చాట్‌కి నా ఓటు జులిప్‌కే. సందేశాలు టాపిక్‌ల వారీగా ఉంటాయి. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చినవాళ్లు తమకు కావలసిన టాపిక్ ఒక్కటి చదువుకుంటే చాలు.

కోడ్ రాసే ఎడిటర్ మీద పంచాయితీలొద్దు, ఎవరిష్టం వాళ్లది. ఫార్మాటింగ్ నియమాలు మాత్రం రిపోలో ఉండాలి.

పనుల్ని టికెట్లుగా నమోదు చేసే టూల్ ఏదైనా ఖాయం చేసేముందు నాలుగు డమ్మీ టికెట్లు వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. కామెంట్లు, అటాచ్‌మెంట్లు కూడా బయటికి రాకపోతే వేరేది వెతకండి.